ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ : అడవి నడుమ నదీపట్టణమునకు ప్రయాణము

గోదావరి నాసిక సమీపమున త్ర్యంబకముకడ పుట్టి సముద్రమును చేరునప్పటికి ఇంచుమించు 1,465 కిలోమీటర్లు ప్రవహించును. దక్షిణ అమెరికాలో సముద్రతీరమునకు దాపుననున్న బెలేమ్ పట్టణమునుండి అమెజాను నదిమీదుగా మనౌస్ నగరమునకు పోవలెనన్న, రమారమి మన గోదావరి పొడవంత దూరము ప్రవాహమునకు ఎదురుగా ప్రయాణము చేయవలసియుండును. దారి పొడుగునను ఇరువైపుల దట్టమైన వర్షారణ్యమే. నేటికిని జనులు అచ్చటికి ఎక్కువగా పడవలమీదను విమానములమీదను పోవుచున్నారు. విమానములు లేని కాలమున, ఆ నదిలో ఆవిరియోడలైనను క్రమముగా తిరుగని కాలమున, తెరచాప పడవలో ఆ పట్టణమును చేరిన ఒక ఆంగ్లేయ యువకుని చరిత్ర ఇది. అతడు పోగొట్టుకొన్నది చాల గలదు. అతనికి మిగిలినది అంతకన్న విలువైనది.

ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1823వ సంవత్సరము జనవరి 8వ తేదీన వేల్సు దేశమున అస్క్ అను ఊరి చెంత జన్మించెను. తండ్రి ఆస్తి క్రమముగా నశించుటచే ఆ కుటుంబము బీదరికము పాలయ్యెను. జీతము కట్టు శక్తి చాలక బాలుడు సుమారు పదునాలుగేండ్ల ప్రాయముననే పాఠశాల విడిచెను. కళాశాల చదువు అతని యదృష్టమున లేదు. పెద్దన్న విలియము భూములు కొలుచు సర్వేయరు. తమ్ముని వెంటబెట్టుకొని ఊరూర తిరిగి ఆ పని నేర్పెను. గొలుసు పట్టి పొలములు కొలుచుచు, గట్లమీద మొలచిన మొక్కల పేర్లు తెలిసికొనవలెనని ఆ బాలునకు కోరిక పుట్టెను. చౌకవెల పుస్తకమొకటి కొని, దానిని చేతబట్టి మొక్కలను పోల్చుకొనుట నేర్చెను.

1844లో అతడు లెస్టరు పట్టణమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడై చిత్రలేఖనమును, పటములు గీయుటను, భూమి కొలుచుటను బోధించెను. ఆ యూరనే హెన్రీ వాల్టర్ బేట్స్ అను యువకునితో స్నేహము కలిగెను. బేట్స్ పురుగులను సేకరించువాడు. ఒక చిన్న పట్టణముచుట్టు అన్ని జాతుల పురుగులుండుట చూచి వాలెస్ ఆశ్చర్యపడెను. ఇన్ని జాతులు ఎట్లు కలిగెను, ఒక్కొక్క జాతి ఒక్కొక్క చోటనే ఏల నివసించుచున్నది అను ప్రశ్న నాటినుండి అతనిని విడువలేదు.

మిత్రులిద్దరును ఆలోచించి, జీవరాశి అధికముగా నుండు అమెజాను అడవులకు పోవలెనని నిశ్చయించుకొనిరి. వాలెస్‌కు సంపన్నుల యండ లేదు, ప్రభుత్వ సహాయమును లేదు. రైలుమార్గములకై భూమి కొలిచి కూడబెట్టిన సుమారు 100 పౌనులు మాత్రము కలవు. పక్షులను, పురుగులను పట్టి పంపినచో లండనులో స్టీవెన్స్ అను వ్యాపారి వానిని ధనికులకును, ప్రదర్శనశాలలకును అమ్మిపెట్టుటకు ఒప్పుకొనెను. ఆ సొమ్ముతోనే వారు బ్రతుకవలెను.

1848 ఏప్రిల్ 26వ తేదీన లివర్‌పూలులో ఓడయెక్కి, మే 28న వారు బెలేమ్ చేరిరి. మరుసటి యేడు వాలెస్ తమ్ముడు హెర్బర్ట్ కూడ వచ్చి అన్నను కలిసికొనెను. అదే యోడలో రిచర్డ్ స్ప్రూస్ అను వృక్షశాస్త్రజ్ఞుడును వచ్చెను. 1849 ఆగస్టులో అన్నదమ్ములు పడవమీద నది పైకి బయలుదేరిరి.

ఆ ప్రయాణము గాలిపై ఆధారపడినది. వానలు తగ్గిన నెలలలో తూర్పుగాలి సముద్రమువైపునుండి నది పైదిక్కునకు వీచును. గాలి యున్నప్పుడు తెరచాపయెత్తి ప్రవాహమునకు ఎదురుగా సాగవచ్చును. గాలి పడిపోయినచో తెడ్లు వేయవలెను. ప్రవాహము బలముగానున్న చోట ఒడ్డు చెట్లకు మోకులు కట్టి పడవను లాగవలెను. పడవవాండ్రు దొరకుటయే కష్టము. ఆహారము ఎండుచేపలును, కర్రపెండలపు పిండియును. మన గోదావరి జిల్లాలలో సగ్గుబియ్యము చేయు ఆ కర్రపెండలమునకు జన్మస్థానము దక్షిణ అమెరికాయే. నడుమ సాంతారెమ్ మొదలగు చోట్ల నిలుచుచు, సేకరించుచు పోయి, వారు డిసెంబరు 31వ తేదీన బార్రా అను పట్టణమును చేరిరి. నేటి మనౌస్ నాటి బార్రాయే. 1856లో దానికి ఈ పేరు పెట్టిరి.

బార్రా రియో నీగ్రో యొడ్డున నున్నది. ఆ పేరునకు నల్లని నది యని అర్థము. దాని నీరు కాఫీ డికాక్షను వలె నుండును. పట్టణమునకు కొంచెము దిగువను అది సొలిమోయ్స్ నదిని కలియును. సొలిమోయ్స్ నీరు వరదగోదావరి నీటివలె మట్టిరంగు గలది. రెండు నీళ్లును వెంటనే కలియక కొన్ని కిలోమీటర్ల దూరము ప్రక్కప్రక్కనే ప్రవహించును. నాటి బార్రాలో కొన్నివేల జనులు మాత్రముండిరి. వీథులు తిన్ననివే కాని గోతులమయము. ఇండ్లకు ఎఱ్ఱని పెంకులు. అడవిగింజలు, ఓషధి వేళ్లు, ఉప్పుచేప అచ్చటి ముఖ్య వ్యాపారము. హెన్రీకె అను ఇటలీ దేశపు వర్తకుడు పరదేశులకందరకు తన యింట ఆతిథ్య మిచ్చుచుండెను.

కొన్ని వారములకు బేట్స్ కూడ బార్రా చేరెను. మిత్రులు అచ్చట నదులను పంచుకొనిరి. బేట్స్ సొలిమోయ్స్ పైకి పోయెను. వాలెస్ రియో నీగ్రోను తీసికొనెను. హెర్బర్ట్‌కు ఈ వృత్తి సరిపడలేదు. అతడు స్వదేశమునకు మరలుటకు నిశ్చయించుకొని, అన్న నది పైకి పోయిన తరువాత బెలేమ్‌నకు దిగిపోయెను. అచ్చట పచ్చజ్వరము వ్యాపించియుండెను. ఓడ సిద్ధమగులోపల ఆ వ్యాధి సోకి, 1851 జూన్ 8న, ఇరువదిరెండవ యేట హెర్బర్ట్ మరణించెను. అప్పుడు బెలేమ్‌లోనుండిన బేట్స్ అతనికి ఉపచారములు చేసి, తానును ఆ జ్వరమున పడి కోలుకొనెను. అడవిలోనున్న వాలెస్‌కు ఈ వార్త అందుటకు చాల నెలలు పట్టెను.

ఆ సంవత్సరాంతమున వాలెస్ కూడ చలిజ్వరముతో రియో నీగ్రో యొడ్డున ఒక పల్లెలో ఊయలపడకనుండి లేవలేక మృత్యుముఖమున నుండెను. స్ప్రూస్ వచ్చి అతనిని చూచెను. క్వినైను మ్రింగి వాలెస్ మెల్లగా కోలుకొనెను. ఆ మందు పుట్టునది ఆ ఖండమునందలి ఆండీసు కొండల చెట్టు బెరడునుండియే. స్ప్రూసే తరువాత 1860లో ఆ చెట్ల విత్తనములను, మొక్కలను సేకరించి పంపగా, అవి మన నీలగిరులలో నాటబడెను. జ్వరమునకు మందు తెలియును గాని, అది మనుష్యునకు ఎట్లు సోకునో నాడు ఎవ్వరికిని తెలియదు. నలువదియైదేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20వ తేదీన, దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది సికిందరాబాదు బేగంపేటలోనే. మన మియాపూర్‌లో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారినచో, విద్యార్థులు ఆ స్థలమునకు సులభముగా పోవచ్చును.

వాలెస్ రియో నీగ్రోను, దాని యుపనదియైన ఉఆపెస్‌ను సర్వేయరు విద్యతో కొలిచి పటము గీసెను. పక్షులను, చేపలను సేకరించెను. వీనికంటె ముఖ్యమైన విషయమొకటి కనిపెట్టెను. పెద్దనదికి ఈ యొడ్డున ఒకజాతి కోతి యుండగా, ఆ యొడ్డున అదే పోలికగల వేఱొకజాతి యుండుచుండెను. నదులు ఆ జాతులకు సరిహద్దులైనవి. అచ్చటి వేటకాండ్రకు ఇది బాగుగా తెలియును. ఫలాని జంతువు కావలెనన్న వారు నది దాటిపోవుచుండిరి. వారు చెప్పినదానిని అతడు చులుకన చేయక శ్రద్ధతో విని, తాను స్వయముగా పరీక్షించి వ్రాసికొనెను.

1852లో అతడు తిరుగుప్రయాణమై బార్రాకు వచ్చునప్పటికి, లండనుకు చేరియుండునని తలచిన తన పెద్దపెట్టెలు సుంకపుటధికారుల అడ్డంకిచే అచ్చటనే పడియుండెను. వానినన్నింటిని వెంట తీసికొని, బ్రతికియున్న కోతులతోను చిలుకలతోను, జూలై 12న బెలేమ్‌లో హెలెన్ అను ఓడ యెక్కెను. ఆగస్టు 6వ తేదీ ఉదయమున నడిసముద్రమందు ఆ యోడ సరకులో నిప్పంటుకొనెను. పొగ నిండిన గదిలోనికి పోయి, చేతికందిన చిన్న రేకుపెట్టెలో చేపల చిత్రములును, తాళజాతి వృక్షముల చిత్రములును, కొన్ని వ్రాతలును వేసికొని, అతడు నావలోనికి దిగెను. రెండేండ్లకు పైగా కూర్చిన పక్షులు, పురుగులు, దినచర్యలు అతని కన్నులయెదుట దగ్ధమయ్యెను. జంతువులలో సముద్రమున పడిన చిలుక యొక్కటి దక్కెను.

కారుచున్న నావలలో నీరు తోడిపోయుచు, ఎండకు మాడుచు పది దినములు గడిపిన పిమ్మట, క్యూబానుండి లండనుకు పోవు ఓడ వారిని ఎక్కించుకొనెను. ఆ యోడయు పాతది. తుపానులును ఆహారపు కొరతయు వెంటాడెను. అక్టోబరు 1వ తేదీన వాలెస్ ఇంగ్లండు నేలమీద అడుగుపెట్టెను. తమ్ముడు లేడు, సేకరించినది లేదు. స్టీవెన్స్ ముందుచూపుతో భీమా చేయించి యుండుటచే కొంత సొమ్ము మాత్రము చేతికి వచ్చెను.

నాలుగేండ్ల శ్రమ వ్యర్థమాయెనని అతడు చేతులు ముడుచుకొని కూర్చుండియున్నచో లోకము నిందింపకయుండును. కాని మంట ముట్టలేని దొకటి అతనియొద్ద నుండెను. చూచినదానిని, వినినదానిని చక్కగా గ్రహించిన బుద్ధి యది. ఇంగ్లండు చేరిన మూడు నెలలలోపలనే అతడు అమెజాను కోతులను గూర్చి పండితసభకు వ్యాసము సమర్పించి, నదులు జాతులకు ఎల్లలగుచున్న విషయమును తెలిపెను. మరుసటి యేడు రెండు గ్రంథములు ప్రకటించెను. అతని రియో నీగ్రో పటము భూగోళశాస్త్ర సంఘమువారి పత్రికలో అచ్చయ్యెను.

1854లో మరల ఓడయెక్కి మలయా ద్వీపములకు పోయి, ఎనిమిదేండ్లు సంచరించి, 1,25,660 నమూనాలు సేకరించెను. అమెజానులో నది యొడ్డున అడిగిన ప్రశ్ననే ఇచ్చట సముద్రపు టొడ్డున అడిగెను. బాలి, లాంబాక్ అను ద్వీపముల నడుమ ఇరుకైన జలసంధి యున్నది. దానికి పడమట ఆసియా జంతువులును, తూర్పున ఆస్ట్రేలియా పోలికగలవియు ఉండుట చూచెను. ఆ సరిహద్దు నేటికిని వాలెస్ రేఖయని పిలువబడుచున్నది. 1858లో మరల చలిజ్వరముతో పడియున్న దినములలో, జీవజాతులు మారుటకు కారణమగు ప్రకృతివరణ సిద్ధాంతము అతనికి తోచెను. దానిని వ్రాసి డార్విన్‌నకు పంపెను. డార్విన్ అంతకు చాల యేండ్ల క్రిందటనే అదే భావమునకు వచ్చియుండెను గాని ప్రకటింపలేదు. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన ఇరువురి వ్రాతలును లండనులో ఒకే సభయందు చదువబడెను. కీర్తిలో పెద్దభాగము డార్విన్‌నకు పోయినను వాలెస్ అసూయపడలేదు. తన గ్రంథమొకదానికి డార్విన్ పేరే పెట్టెను. 1913 నవంబరు 7వ తేదీన, తొంబదేండ్లు నిండిన పిమ్మట, అతడు మరణించెను.

బార్రా తరువాత రబ్బరు వర్తకముచే సంపన్నమై, 1896లో గొప్ప నాటకశాలను కట్టుకొనెను. నేడు మనౌస్‌లో 20 లక్షలకు పైగా జనులున్నారు. రేకుపెట్టెలో దక్కిన చేపల చిత్రములు లండను ప్రదర్శనశాలలో భద్రముగా నుండి, ఓడ కాలిన 150 ఏండ్లకు, 2002లో, బ్రెజిలు దేశముననే పుస్తకముగా వెలువడెను. ఆ నదీతీరపు చేపలు ఆ దేశమునకే తిరిగి చేరినట్లయ్యెను.

విద్యార్థులారా! వాలెస్ పాఠశాల విడిచినది మీ యీడుననే. అతడు మొదట చూచినది అమెజాను కాదు. తన యూరి పొలముగట్టు. మన మియాపూర్ ప్రక్కనే అమీన్‌పూర్ చెరువు కలదు. జీవవైవిధ్య వారసత్వ స్థలముగా 2016లో గుర్తింపు పొందిన చెరువది. పెద్దలను వెంటబెట్టుకొని ఒక యుదయమున అచ్చటికి పొండు. ఏ పక్షి లోతునీట నున్నదో, ఏది ఒడ్డు బురదలో మేయుచున్నదో చూచి వ్రాసికొనుడు. చెరువుచెంత కాపురమున్నవారిని అడిగి వారు చెప్పునది వినుడు. పుస్తకము పోయినను, చక్కగా చూచినది మీయొద్ద నిలుచును.