బెస్సీ కోల్మన్

బెస్సీ కోల్మన్ (జనవరి 26, 1892 - ఏప్రిల్ 30, 1926) అమెరికాకు చెందిన విమాన చోదకురాలు. అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందిన మొట్టమొదటి నల్లజాతి మహిళగా ఈమె ప్రసిద్ధి చెందినది.

బాల్యము

ఈమె టెక్సాస్ రాష్ట్రములోని అట్లాంటా పట్టణములో ఒక పాలేరు కౌలు కుటుంబములో, 13 మంది సంతానములో పదవదిగా జన్మించినది. నల్లజాతి పిల్లలకు కేటాయించిన ఒంటిగది బడికి రోజూ నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళేది. పత్తి ఏరే కాలములో చదువు ఆగిపోయేది. కూడబెట్టిన డబ్బుతో ఓక్లహోమాలో పై చదువుకు చేరినా, డబ్బు చాలక ఒక్క టర్ముతోనే ఇంటికి తిరిగి వచ్చినది.

విమానయానము

చికాగోలో గోళ్ళు తీర్చిదిద్దే పని చేస్తూ విమానయానముపై ఆసక్తి పెంచుకొన్నది. నల్లజాతి స్త్రీ అయినందున అమెరికాలోని విమాన పాఠశాలలు చేర్చుకోలేదు. ఫ్రెంచి భాష నేర్చుకొని 1920లో ఫ్రాన్సు వెళ్ళి, 1921 జూన్ 15న లైసెన్సు సాధించినది. నల్లవారికి వేరు ద్వారము పెట్టే చోట ప్రదర్శన ఇవ్వడానికి నిరాకరించినది. తనవారికై విమాన పాఠశాల స్థాపించాలన్న ఆశయము నెరవేరకముందే, జాక్సన్‌విల్‌లో విమానము అదుపు తప్పగా క్రిందపడి మరణించినది.