టికెట్ చేజారినా ప్రచారం ఆపలేదు

1860 మే 18. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే చిన్న ఊళ్లో విలియం హెన్రీ సీవార్డ్ ఇంటి దగ్గర జనం పోగయ్యారు. సంబరానికి ఫిరంగి కూడా సిద్ధం చేసుకున్నారు. షికాగోలో జరుగుతున్న రిపబ్లికన్ పార్టీ సభ నుంచి టెలిగ్రామ్ రావడమే తరువాయి. వచ్చింది. అధ్యక్ష అభ్యర్థిగా అందులో ఉన్న పేరు సీవార్డ్‌ది కాదు, అబ్రహం లింకన్‌ది.

ఈరోజు లింకన్ పేరు తెలియనివాళ్లు లేరు, సీవార్డ్ ఎవరంటే చాలామంది తడుముకుంటారు. అప్పుడు సీన్ రివర్స్‌లో ఉండేది. 1801లో పుట్టిన సీవార్డ్ లాయరుగా మొదలై, 37 ఏళ్లకే న్యూయార్క్ గవర్నరుగా గెలిచారు. 1849 నుంచి సెనేటర్. బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించే నేతగా దేశమంతా పేరుంది. లింకన్ ప్రతినిధుల సభలో ఒక్కసారి, అదీ రెండేళ్లే ఉన్నారు. సెనేట్‌కు రెండుసార్లు ప్రయత్నించి ఓడారు. ఇద్దరి రెజ్యూమెలు పక్కపక్కన పెడితే ఏ ప్యానెలైనా సీవార్డ్‌నే తీసుకునేది.

అప్పట్లో ఇప్పటిలా ప్రైమరీలు లేవు. రాష్ట్రాల ప్రతినిధులు ఒకచోట చేరి ఓట్లేసేవారు. గెలవాలంటే 233 కావాలి. మొదటి రౌండ్‌లో సీవార్డ్‌కు 173న్నర, లింకన్‌కు 102. రెండో రౌండ్‌కి తేడా మూడున్నర ఓట్లకు పడిపోయింది. మూడో రౌండ్‌లో అంతా అయిపోయింది. సీవార్డ్ ప్రసంగాలు మరీ ఘాటుగా ఉన్నాయని, ఆయన్ని పెడితే ఇండియానా, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు పోతాయని ప్రతినిధులు భయపడ్డారు. దానికితోడు ఒకప్పటి స్నేహితుడు, పత్రికాధిపతి హొరేస్ గ్రీలీ తనకు పదవి ఇప్పించలేదన్న పాత కోపంతో షికాగోలో ఆయనకు వ్యతిరేకంగా పనిచేశారు. సొంతవాడే దెబ్బ కొడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆబర్న్‌లో ఆ సాయంత్రం పత్రికకు లింకన్ ఎంపికను మెచ్చుకుంటూ నాలుగు మాటలు రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి సీవార్డే కలం తీసుకుని రాసిచ్చారు. అలాగని ఆయన బాధపడలేదనుకుంటే పొరపాటే. కొన్నాళ్లు రాజకీయాలే వదిలేద్దామనుకున్నారు. మద్దతుదారుల్లో చాలామంది రగిలిపోతున్నారు. ఆయన అలిగి ఇంట్లో కూర్చుంటే అడిగేవాళ్లు లేరు. కానీ 35 ఎలక్టోరల్ ఓట్లున్న న్యూయార్క్ చేజారితే లింకన్ గెలవడం కష్టం. లింకన్ ఓడితే బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకుండా ఆపాలన్న పార్టీ లక్ష్యమే దెబ్బతింటుంది. లెక్క అంత సూటిగా ఉంది.

సెప్టెంబరులో రైలెక్కారు. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా, కాన్సాస్. ఎక్కడికెళ్లినా జనం తండోపతండాలు. తనకు దక్కని పదవి కోసం వేరొకరికి ఓటేయమని అడుగుతూ వారాల తరబడి తిరిగారు. దారిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రైలు ఆగితే లింకనే స్టేషన్‌కి వచ్చి కలిశారు. నవంబరులో న్యూయార్క్ లింకన్‌కే దక్కింది. దాదాపు 40 శాతం ఓట్లతోనే ఆయన అధ్యక్షుడయ్యారు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. విదేశాంగ మంత్రి పదవి తీసుకున్న సీవార్డ్, అసలు పెత్తనం తనదే అవుతుందనుకున్నారు. 1861 ఏప్రిల్ 1న లింకన్‌కు ఒక నోట్ పంపారు. ప్రభుత్వానికి విధానమే లేదని, కావాలంటే ఆ బాధ్యత తాను మోస్తానని దాని సారాంశం. బాస్‌కి ఉద్యోగంలో చేరిన నెలలోపే అలాంటి మెయిల్ పెట్టిన కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి! లింకన్ గొడవ చేయలేదు, బయటపెట్టలేదు. ఆ పని చేయాల్సింది తానేనని మాత్రం తేల్చేశారు. ఆ తర్వాత సీవార్డ్ తన కుర్చీ హద్దు అర్థం చేసుకున్నారు. నా లెక్కలో షికాగో ఓటమి కన్నా ఇదే ఆయనకు కష్టమైన పరీక్ష.

అదే ఏడాది చివర్లో బ్రిటన్‌తో యుద్ధం వచ్చేలా ఉన్నప్పుడు, అమెరికా నౌకాదళం పట్టుకున్న ఇద్దరు దక్షిణాది దూతలను విడిచిపెట్టి గండం గట్టెక్కించారు. 1862 డిసెంబరులో సొంత పార్టీ సెనేటర్లే ఆయన్ని తీసేయమని పట్టుబట్టారు. అధ్యక్షుడికి ఇబ్బంది కాకూడదని సీవార్డ్ రాజీనామా పంపితే లింకన్ ఒప్పుకోలేదు. అప్పటికి ఇద్దరూ ప్రాణస్నేహితులు. సాయంత్రాలు లింకన్ ఆయన ఇంటికెళ్లి కబుర్లు చెప్పుకునేవారు.

1865 ఏప్రిల్ 14 రాత్రి లింకన్‌ను కాల్చినప్పుడే, ఆ కుట్రలోని మరొకడు సీవార్డ్ పడకగదిలోకి దూరి కత్తితో పొడిచాడు. బండి ప్రమాదంలో గాయపడి మంచంలో ఉన్న ఆయన ఎలాగో బతికారు. ముఖంపై మచ్చలు మిగిలిపోయాయి. అయినా 1869 వరకు అదే పదవిలో కొనసాగారు. 1867లో 72 లక్షల డాలర్లకు రష్యా నుంచి అలాస్కాను కొన్నది ఆయనే. మంచుగడ్డకి అంత డబ్బా అని అప్పట్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఇప్పుడు అక్కడ ఏటా మార్చి చివరి సోమవారం ఆయన పేరిట సెలవు.

అధ్యక్ష పదవికి ఆయన మళ్లీ పోటీ పడలేదు. పదవి దిగాక ప్రపంచయాత్రకు బయల్దేరి మన దేశమూ చూసి వెళ్లారు. 1872 అక్టోబరు 10న ఆబర్న్‌లోని సొంతింట్లోనే కన్నుమూశారు.