పాట రాగిరేకయిన కథ

మా పరిగి నుంచి పెనుకొండ కోటకి చాలాసార్లు వెళ్ళాను. అన్నమయ్యకి సంకెళ్ళు వేసింది ఆ ఊళ్ళోనేనని ఈ మధ్యే చదివాను.

అన్నమయ్య 1408లో తాళ్ళపాకలో పుట్టాడు. చిన్నతనంలోనే తిరుమల చేరి వేంకటేశ్వరుడి మీద పాటలు కట్టాడు. సాళువ నరసింహరాయలకి ఆ పాటలంటే ప్రాణం. ఆయన్ని పిలిపించి దగ్గరే ఉంచుకున్నాడు. ఒకరోజు ఓ శృంగార కీర్తన విని, తన మీదా అలాంటిది చెప్పమన్నాడు. అన్నమయ్య చెప్పనన్నాడు. అడిగింది స్నేహితుడే, కానీ రాజు కూడా. కోపంతో సంకెళ్ళు వేయించాడు. అన్నమయ్య దేవుణ్ణి పాడితే అవి ఊడిపోయాయని మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. సంకెళ్ళ సంగతి నమ్మినా నమ్మకపోయినా, కాదనడానికి ఎంత ధైర్యం కావాలి!

1503లో అన్నమయ్య పోయాడు. కొడుకు పెద తిరుమలయ్య ఆ పాటల్ని రాగిరేకుల మీద చెక్కించాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ తీశాడు. తిరుమల గుళ్ళో, హుండీకి ఎదురుగా ఉన్న చిన్న రాతి గదిలో అవి వందల ఏళ్ళు ఉండిపోయి, 1920ల్లో బయటికొచ్చాయి. పాటలు మొత్తం 32 వేలంటారు; దొరికినవి సగం కూడా లేవు.

వేల్స్ చర్చిల్లో భక్తి గీతాలు రంగుటద్దాల కిటికీలయ్యాయి. మన దగ్గర రాగిరేకులయ్యాయి. రాజు అడిగిన పాట మాత్రం ఏ రేకు మీదా లేదు.