నిప్పును త్రాసులో తూచిన లావోయిజర్

మోపెడు కట్టెలు కాలితే గుప్పెడు బూడిద మిగులుతుంది. కట్టెలోంచి ఏదో బయటికి పోయిందనే ఎవరికైనా అనిపిస్తుంది. 18వ శతాబ్దపు యూరప్ శాస్త్రవేత్తలకూ అలాగే అనిపించింది. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందనీ, మంట అంటే అది బయటికి వెళ్లిపోవడమేననీ వారు నమ్మారు. జర్మన్ వైద్యుడు జార్జ్ స్టాల్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సిద్ధాంతం దశాబ్దాల పాటు చలామణీ అయింది. దాన్ని కూలదోసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఆంట్వాన్ లావోయిజర్. అందుకు ఆయన వాడిన ప్రధాన ఆయుధం త్రాసు.

లావోయిజర్ 1743 ఆగస్టు 26న పారిస్‌లో ఓ సంపన్న కుటుంబంలో పుట్టాడు. తండ్రి బాటలో న్యాయశాస్త్రం చదివినా మనసంతా రసాయన శాస్త్రం మీదే. 1768లో, పాతికేళ్లు నిండే ముందే, ఫ్రెంచి సైన్స్ అకాడమీలో చోటు దక్కింది. అదే ఏడాది రాజు తరఫున పన్నులు వసూలు చేసే ప్రైవేటు గుత్తేదారుల సంస్థలో వాటా కొన్నాడు. ఆ రాబడితోనే ఖరీదైన ప్రయోగశాల, అతి సున్నితమైన త్రాసులు సమకూరాయి. చివరికి ప్రాణం తీసిందీ ఆ వాటాయే. 1771లో తోటి గుత్తేదారు కూతురు మరీ ఆన్‌ను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. తర్వాత ఆమె ఇంగ్లిషు నేర్చుకుని శాస్త్ర గ్రంథాలు ఆయనకు అనువదించి పెట్టింది. ప్రయోగాల వివరాలు రాసింది, పరికరాల బొమ్మలు గీసింది.

1772లో గంధకాన్ని, భాస్వరాన్ని మండించి తూచినప్పుడు లావోయిజర్‌కు ఓ విషయం తేలింది. మండాక వచ్చిన పదార్థం బరువు తగ్గలేదు, పెరిగింది. లోహాలను గాలిలో బాగా వేడి చేసినా అంతే. లోపలి నుంచి ఏదో పోతే బరువు పెరగడం ఎలా సాధ్యం? బయటి నుంచి ఏదో వచ్చి కలుస్తోందన్నమాట.

ఆ వచ్చేదేమిటో తేల్చుకోవడానికి ఆధారం ఇంగ్లండ్ నుంచి దొరికింది. 1774 అక్టోబరులో పారిస్ వచ్చిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, తాను పాదరసపు ఎర్రటి భస్మాన్ని వేడి చేసి రాబట్టిన ఓ వాయువులో కొవ్వొత్తి ధగధగా వెలుగుతోందని చెప్పాడు. స్వీడన్‌కు చెందిన షీలే అంతకు ముందే ఆ వాయువును తయారు చేశాడు. వారికి దక్కాల్సిన గుర్తింపును లావోయిజర్ సరిగా ఇవ్వలేదన్న విమర్శ నేటికీ ఉంది. అయితే ఆ వాయువు అసలు అర్థం పట్టుకున్నది ఆయనే.

మూసిన పాత్రలో పాదరసాన్ని 12 రోజుల పాటు వేడి చేశాడు. గాలి కొంత తగ్గింది, ఎర్రటి పొడి ఏర్పడింది. మిగిలిన గాలిలో దీపం ఆరిపోయింది, జీవులు బతకలేదు. ఆ పొడిని మరింత వేడి చేస్తే పోయిన గాలి తిరిగి వచ్చింది. రెండింటినీ కలిపితే మళ్లీ మామూలు గాలి! మంటకు కావలసింది గాలిలోని ఆ ఒక్క భాగమే. దానికే ఆయన ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. లాప్లాస్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, ఊపిరి తీయడం కూడా ఒక రకమైన నెమ్మది దహనమేనని చూపాడు.

మంటను ఆర్పే పద్ధతులకు కారణం ఇక్కడే దొరుకుతుంది. నిప్పుకు మూడు కావాలి: మండే వస్తువు, ఆక్సిజన్, తగినంత వేడి. ఒకటి తీసేస్తే మంట నిలవదు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేస్తే మండే వస్తువు ఆగిపోతుంది. అడవిలో ఎండుటాకులు ఊడ్చి ఫైర్ లైన్ వేయడంలోని మర్మమూ అదే. నీళ్లు వేడిని లాగేస్తాయి. మూత, ఇసుక, దుప్పటి గాలిని అడ్డుకుంటాయి. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 15 శాతానికి అటూఇటుగా పడిపోతే మామూలు మంటలు చాలావరకు ఆరిపోతాయి. ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు మంటకు మరింత గాలి అందిస్తుంది. నేల మీద పడి దొర్లాలి.

ఏ మంటకు ఏది తీసేయాలో తెలియకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీరు నూనె అడుక్కి దిగి, ఒక్కసారిగా ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను చుట్టూ చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టడమే మార్గం. కరెంటు మంటకైతే ముందు మెయిన్ ఆపాలి.

అయితే బయటి గాలితో పని లేని మంట ఒకటుంది. తుపాకిమందులో సురేకారం తన ఆక్సిజన్‌ను తానే ఇస్తుంది. మూత పెట్టినా ఆరదు. బాణసంచా కేంద్రాల ప్రమాదాలు అంత ఘోరంగా ఉండటానికి ఇదో కారణం. లావోయిజర్ జీవితం ఇక్కడే భారతదేశ చరిత్రను తాకుతుంది. 1757లో ప్లాసీ యుద్ధం తర్వాత బీహార్ సురేకారం ఈస్టిండియా కంపెనీ గుప్పిట్లోకి వెళ్లింది. ఆ సరుకు అందక ఫ్రాన్స్ ఇబ్బంది పడింది. 1775లో ఫ్రెంచి ప్రభుత్వం ఏర్పాటు చేసిన తుపాకిమందు పాలక మండలిలో లావోయిజర్ సభ్యుడై, దేశంలోనే సురేకారం ఉత్పత్తిని పెంచాడు. అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి అందిన తుపాకిమందులో ఫ్రాన్స్ నుంచి వెళ్లినదే ఎక్కువ. 1788 అక్టోబరులో ఎసోన్ వద్ద కొత్త రకం మందును పరీక్షిస్తుండగా అది పేలి ఇద్దరు చనిపోయారు. కాస్త ముందే పక్కకు వెళ్లడంతో లావోయిజర్ దంపతులు బతికిపోయారు.

మరుసటి ఏడాది మొదలైన విప్లవం నుంచి మాత్రం ఆయన తప్పించుకోలేకపోయాడు. పన్నుల గుత్తేదారులంటే జనానికి కడుపు మంట. 1794 మే 8న 50 ఏళ్ల లావోయిజర్‌ను, ఆయన మామతో సహా మరికొందరు గుత్తేదారులతో కలిపి గిలటిన్‌పై తల నరికారు. జప్తు చేసిన కాగితాలను మరీ ఆన్ తర్వాత తిరిగి సంపాదించి, ఆయన రచనలను అచ్చు వేయించింది.

ఆయన చెప్పినవన్నీ నిలవలేదు. వేడి కూడా ఒక పదార్థమేనన్న ఆయన నమ్మకం తర్వాత తప్పని తేలింది. నిప్పు అంటే కలయిక అన్న మాట మాత్రం నిలిచింది. మంట కనిపించగానే చేతికందిన నీళ్ల బకెట్ ఎత్తే ముందు, అక్కడ మండుతున్నదేమిటో, దానికి ఏది అందకుండా చేయాలో ఒక్క క్షణం చూసుకోవడమే ఆ త్రాసు నేర్పిన పాఠం.