చింతామణి రఘునాథాచార్యులు

మన పొన్నేరికి దక్షిణముననున్న చెన్నపట్టణమున, నుంగంబాకమందలి వేధశాలలో చింతామణి రఘునాథాచార్యులవారు పిన్నవయసుననే కొలువు చేరి, 1864లో ప్రథమ సహాయకులైరి.

1867లో వారు దక్షిణాకాశమందలి ఒక తార కొంతకాలము వెలిగి, కొంతకాలము మసకబారుట కనిపెట్టిరి. సుమారు తొమ్మిది మాసములకొక పర్యాయము అది మరల ప్రకాశించును. ఇట్టిది ఒక్క రాత్రి చూపునకు పట్టువడదు. పాత కొలతలను క్రొత్తవానితో సరిచూచు ఓర్పు వలయును.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు వనపర్తి చేరిన బృందమునకు వారే నాయకులు. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యులుగా గైకొనెను. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటనుండగా, ఆ వింతను సామాన్యులకు తెలుపుటకై ముందుగనే చిన్న పొత్తము వ్రాసి, పలు దేశభాషలలో వెలువరించిరి. 1880 ఫిబ్రవరి 5న పరమపదించిరి.

2008లో నింగికెగసిన ఫెర్మి దూరదర్శిని గామా కిరణములతో స్పందించు పల్సారు తారలను వందలకొలది చూపినది. ఆ కిరణములు బహు అరుదుగా చేరును. ఏండ్ల తరబడి వాని రాకవేళలను సరిపోల్చిననే తార లయ బయల్పడును. సాధనము మారినను ఓర్పు మారలేదు. తమిళసీమలో తెలుగున చదువుకొను మనము, శాస్త్రమును జనుల భాషలలోనికి దెచ్చిన ఆ మహనీయుని మరువరాదు.