పరాయి దేశంలో మంచం పట్టిన ఇంగ్లిష్ మాస్టారు

జపాన్ దెయ్యాల కథలను ‘క్వైదాన్’ పేరుతో ప్రపంచానికి అందించిన లాఫ్కాడియో హెర్న్ పుట్టింది జపాన్‌లో కాదు. 1850లో గ్రీసు దీవి లెఫ్కాడాలో. తండ్రి ఐరిష్ సైనిక వైద్యుడు, తల్లి గ్రీకు మహిళ.

పదహారేళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని బడిలో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఆయన ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి దూరం సరిగా ఆనేది కాదు. కాగితం ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని రాసేవారు. ఆ చూపుతోనే అమెరికాలో విలేకరిగా బతికారు. న్యూ ఆర్లీన్స్‌లో డెంగీ పట్టుకుంది. అది దోమ వల్ల వస్తుందని అప్పటికి వైద్యులకూ తెలియదు.

1890లో జపాన్ చేరి, మత్సుయే పట్టణంలో ఇంగ్లిష్ టీచరు అయ్యారు. మొదటి చలికాలమే కుంగదీసింది. కాగితం తలుపుల ఇల్లు, వెచ్చదనానికి బొగ్గుల కుంపటి. 1891 జనవరిలో మంచం పట్టి వారాల తరబడి లేవలేకపోయారు. భాష రాదు, అయినవాళ్లు లేరు. ఇంటి పనులు చూసేందుకు కొయిజుమి సెత్సు అనే యువతి వచ్చింది. ఆమే తర్వాత ఆయన భార్య అయింది. ఆ చలి పడకే ఆయన అదే ఏడాది దక్షిణాన ఉన్న కుమమొతోకు మారారు. తర్వాత కోబెలో పత్రికా ఉద్యోగం చేస్తుండగా ఉన్న ఒక్క కంటికీ వాపు వచ్చింది. చీకటి గదిలో విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది, ఉద్యోగమూ వదిలేశారు. 1896లో జపాన్ పౌరుడై కొయిజుమి యకుమొగా పేరు మార్చుకున్నారు. టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం బోధించారు.

1904 సెప్టెంబరు 19న ఛాతీలో నొప్పి వచ్చింది. డాక్టరు వచ్చేసరికే తగ్గిపోయింది. సరిగ్గా వారానికి, 26వ తేదీ రాత్రి మళ్లీ వచ్చింది. ఆ రాత్రే గుండె ఆగింది. వయసు 54. ఈసీజీ యంత్రం అప్పుడప్పుడే ప్రయోగశాలలో రూపు దిద్దుకుంటోంది. చేతికందే వైద్యం లేదు.

ఇప్పుడు ఉంది. అయినా పటాన్‌చెరు, పాశమైలారం గదుల్లో ఒంటరిగా ఉండే కార్మికులు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు, నొప్పి తగ్గాక గ్యాస్ అనుకుని డ్యూటీకి వెళ్లిపోతుంటారు. ఒక పూట కూలి పోతుందని వాళ్ల భయం. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, తగ్గినా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీయించుకోండి. గ్రైండింగ్, వెల్డింగ్ పనిలో రక్షణ కళ్లద్దాలు తీయకండి. ఒక కన్ను ఇప్పటికే పోయినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పక్క గదిలో ఎవరైనా రెండు రోజులుగా జ్వరంతో పడుకుని ఉంటే తలుపు తట్టి చూడండి. మన భాష రానివాళ్లయితే ఆసుపత్రికి తోడు వెళ్లండి.