తుప్పు పట్టిన మైక్రోస్కోపు.. సికింద్రాబాద్ నుంచి నోబెల్ దాకా

దోమ కుడితే మలేరియా వస్తుందని ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ గుట్టు బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే అని మాత్రం చాలామందికి తెలియదు. గుట్టు విప్పిన మైక్రోస్కోపు సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. దాని స్క్రూలు తుప్పు పట్టిపోయాయి. కంటి దగ్గర పెట్టుకునే ఐపీస్ ఒక్కటే మిగిలింది, అదీ పగిలింది. దానితోనే పని పూర్తి చేసిన మనిషి సర్ రొనాల్డ్ రాస్. హైదరాబాద్‌లో కోరంటి ఆస్పత్రి అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. నల్లకుంటలో ఉన్న ఆ ఆస్పత్రి అసలు పేరు ఈయన పేరే.

రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గర అల్మోరాలో పుట్టారు. తండ్రి ఇక్కడి సైన్యంలో అధికారి. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లాండ్ పంపేశారు. కుర్రాడికి కవిత్వం, బొమ్మలు, లెక్కలు ఇష్టం. తండ్రి పట్టుబట్టి డాక్టర్ చదివించారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మళ్లీ మన దేశం వచ్చారు. 1883లో బెంగళూరులో ఉన్నప్పుడు బంగళా కిటికీ పక్కనున్న నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. ఆ నీళ్లు పారబోయిస్తే ఇంట్లో దోమలు తగ్గాయి. ఇంత చిన్న సంగతి ఆయన మనసులో అలా ఉండిపోయింది.

మలేరియా క్రిమి మనిషి రక్తంలో ఉంటుందని 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టర్ కనిపెట్టారు. అది ఒంట్లోకి ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు. చెడు గాలి వల్ల అనుకునేవాళ్లు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టర్ రాస్‌కి ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూపించి, దోమలకీ దీనికీ సంబంధం ఉండొచ్చన్నారు. అంతే, 1895లో సికింద్రాబాద్ వచ్చీ రాగానే రాస్ దోమల వెంటపడ్డారు.

ఫంకా లేదు, స్పేర్ లేదు

రెండేళ్లు వందల దోమలు కోసి చూశారు. ఏమీ దొరకలేదు. అవన్నీ మలేరియా మోయని జాతులని అప్పటికి తెలీదు. 1897 వేసవి మరీ దారుణం. ఫంకా లాగిస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి, అందుకని ఫంకా మానేశారు. చిన్న ఈగలు కళ్లల్లో దూరేవి. నుదుటి మీది చెమట, చేతుల చెమట స్క్రూల మీద పడి తుప్పు పట్టేసింది. చెమటలో ఉప్పు ఇనుముని ఎలా తింటుందో ఒమన్ సైట్లలో పనిచేసే మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని ఆపాలని రూలు ఉంది. రాస్ గదిలో అలాంటి రూలేం లేదు.

మామూలుగా అప్పటి మైక్రోస్కోపుకి సామాను మార్చడం మరీ అసాధ్యమేం కాదు. కింద బిగించే లెన్సు థ్రెడ్‌కి లండన్ మైక్రోస్కోపు సంఘం వాళ్లు 1858లోనే ఒక కొలత పెట్టారు. సుమారు 0.8 అంగుళం వ్యాసం, అంగుళానికి 36 చుట్లు. ఏ కంపెనీ లెన్సయినా ఇంకో కంపెనీ గొట్టానికి ఎక్కుతుంది. ఆ కొలత ఇప్పటికీ నడుస్తోంది. పాత ఇత్తడి మైక్రోస్కోపుల్ని ఇంట్లో బాగుచేసుకునేవాళ్లు చిన్న లేత్ మీద ఇత్తడి రింగు తిప్పుకుని ఇవాళ్టి లెన్సుని నూరేళ్లనాటి గొట్టానికి బిగించగలుగుతున్నది అందుకే. ఐపీస్ గొట్టం కొలత మాత్రం అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉండేది. పగిలితే అదే కంపెనీకి రాయాలి. ఉత్తరం ఓడలో వెళ్లి, సామాను ఓడలో రావడానికి నెల పైనే. రాస్ ఆగలేదు, పగిలిన అద్దంలోంచే చూశారు.

పనిముట్ల సంగతి ఆయనకి బాగా తెలుసు. ప్రయాణంలో వెంట తీసుకెళ్లే చిన్న మైక్రోస్కోపు ఒకటి తానే డిజైన్ చేస్తే, లండన్‌లో బేకర్ కంపెనీ తయారుచేసింది. రోజూ వాడే చేతికే కదా, ఏది లోటో తెలిసేది.

ఆగస్టు 20

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు కొన్ని దొరికాయి. అవి ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్న జాతివి. మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగి ఆగస్టు 16న వాటితో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారు. ఆగస్టు 20 మధ్యాహ్నం, మిగిలిన రెండు దోమల్లో ఒకదాన్ని కోస్తే పొట్ట గోడలో నల్ల రంగు చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు రెండో దోమలో అవే ఇంకాస్త పెద్దవై ఉన్నాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతోంది!

ఆ ఆనందం ఎక్కువ రోజులు లేదు. సెప్టెంబర్‌లోనే మలేరియా పెద్దగా లేని రాజపుటానాకి బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరి పక్షుల మలేరియా మీద పనిచేశారు. క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు ఎక్కుతుందని ఆ జులైలో రుజువు చేశారు. మనుషుల్లో పూర్తి చక్రాన్ని అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. ఘనత ఎవరిదని ఇద్దరికీ గొడవ చాలా ఏళ్లు నడిచింది. 1902లో నోబెల్ రాస్‌కే వచ్చింది. మన దేశంలో పుట్టిన మనిషికి వచ్చిన మొదటి నోబెల్ అదే. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశారు. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

మనకేంటి?

ఒమన్‌లో 1990లో మలేరియా కేసులు 30 వేలు దాటాయి. 1991లో ప్రభుత్వం నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక ఇక్కడే అంటుకునే కేసులు దాదాపు లేకుండా పోయాయి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది మలేరియా ఉన్న దేశాల నుంచి మనుషుల రక్తంలోనే. సెలవుకి ఊరెళ్లి వచ్చాక జ్వరమొస్తే క్యాంపులో మాత్ర మింగి పడుకోకూడదు. ఏ ఊరి నుంచి ఎప్పుడొచ్చామో డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. కొన్ని రకాల మలేరియా ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. ఆ పరీక్షలో రక్తం చుక్కని గాజుపలక మీద పూసి చూసేది ఇప్పటికీ మైక్రోస్కోపులోనే.

ఇక దోమల సంగతి. 2018 చివర్లో మస్కట్ వైపు డెంగీ వచ్చింది. ఆ దోమ పెరిగేది డ్రమ్ముల్లో, తొట్లలో, పాత టైర్లలో నిలిచిన నీళ్లలోనే. కాంక్రీట్ క్యూరింగ్‌కి నింపిన డ్రమ్ము మీద మూత వేయడం, వారానికోసారి నీళ్లు పారబోయడం మన చేతిలో పని. 1883లో బెంగళూరు తొట్టి దగ్గర రాస్ చేయించింది కూడా అంతే. దానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు.